కాఫీ మెషిన్ కొనేముందు మరను చూడండి

కృష్ణా డెల్టాలో కాఫీ పండదు. వరి, పసుపు, అరటి, నిమ్మ పండే నేల ఇది. అయినా ఈ డెల్టాలోనే, మంగళగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న దుగ్గిరాల నుంచి ఎన్నో దేశాలకు కాఫీ వెళ్తోంది. 1994లో ఏర్పడిన సీసీఎల్ ప్రోడక్ట్స్ సంస్థ కర్మాగారం అక్కడ ఉంది. గింజలు కొనడం, వేయించడం, పగలగొట్టడం, వేడి నీళ్ళతో సారం పిండడం, ఆ సారాన్ని ఆరబెట్టడం అన్నీ కర్మాగారంలోనే జరిగిపోతాయి. ఇంట్లో మిగిలే పని చెంచాడు ఇన్‌స్టంట్ పొడిని వేడి పాలలో కలపడమే. ఇప్పుడు విజయవాడ షోరూముల్లో, ఆన్‌లైన్ అంగళ్ళలో కనబడుతున్న బీన్-టు-కప్ మెషిన్‌ది సరిగ్గా దీనికి ఎదురు దారి. పొడి కొట్టే పనిని కూడా అది కర్మాగారం నుంచీ కాఫీపొడి దుకాణం నుంచీ వెనక్కి లాక్కుని, వంటింటి గట్టు మీదికి తెస్తుంది. మీట నొక్కితే గింజలు నలుగుతాయి, నిమిషంలో కాఫీ దిగుతుంది. ధర అర లక్ష రూపాయలకు అటూ ఇటూ మొదలై లక్షలు దాటుతుంది. ధర పెరిగేకొద్దీ పెరిగేవి ఎక్కువగా తెర, పాల నురగ సరంజామా, పానీయాల జాబితా. రుచి మాత్రం గింజ, మర, నీళ్ళు అనే మూడు చోట్లే తేలిపోతుంది. ఈ మూడింటినీ అర్థం చేసుకున్నవారికి ఎంత మెషిన్ కావాలో, అసలు మెషిన్ కావాలో వద్దో కూడా తెలిసిపోతుంది.

ముందుగా గింజ సంగతి. పచ్చి కాఫీ గింజకు మనకు తెలిసిన కాఫీ వాసన ఉండదు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో వేగేటప్పుడు దానిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మెయిలార్డ్ చర్యలు జరిపి, వందలాది సువాసన పదార్థాలను పుట్టిస్తాయి. అదే వేడికి కార్బన్ డయాక్సైడ్ పుట్టి గింజలోని సన్నని అరల్లో చిక్కుకుంటుంది. గింజ పగలనంతకాలం ఈ వాయువు రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూ, గాలిలోని ఆక్సిజన్‌ను లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. పొడి కొట్టగానే లెక్క మారిపోతుంది. 6 మిల్లీమీటర్ల ఘనాన్ని 0.3 మిల్లీమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 20 రెట్లవుతుంది. గాలి తగిలే చోటు అంత పెరిగాక, లోపలి వాయువులో పెద్ద భాగం కొద్ది నిమిషాల్లోనే ఎగిరిపోతుంది. దానితోపాటే తేలికైన సువాసనలూ పోతాయి. కాఫీపొడి దుకాణంలో మర ఆడుతుంటే వీధంతా గుమ్మెత్తించే వాసన నిజానికి కప్పులోకి రావలసినదే. పైగా రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు రెట్టింపవుతుందని ఒక ముతక లెక్క ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే బెజవాడ వంటింట్లో సీసాలో పోసి నెల రోజులు వాడే పొడి, చల్లని దేశపు అలమరలో ఉన్న పొడికంటే ఎంతో త్వరగా పాతబడుతుంది. కొట్టిన కొన్ని సెకన్లకే నీళ్ళు తగలడం అనే బీన్-టు-కప్ సూత్రానికి చల్లని మిలాన్‌లో కంటే మన దగ్గరే ఎక్కువ విలువ ఉండడానికి కారణం ఇదే.

తాజాగా కొట్టడం ఒక ఎత్తు, సమంగా కొట్టడం మరో ఎత్తు. వేయించిన గింజ బరువులో నీళ్ళలో కరగగల పదార్థం 30 శాతానికి కాస్త తక్కువ, మిగిలినదంతా పీచు. ఆ కరిగేదాన్ని కూడా మొత్తం లాగేయకూడదు. ముందుగా పులుపునిచ్చే ఆమ్లాలు, తరువాత తీపి, కమ్మదనం ఇచ్చేవి, చివరికి చేదు, వగరు దిగుతాయి. 1950ల్లో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన లెక్క ప్రకారం, పొడి బరువులో 18 నుంచి 22 శాతం మాత్రమే కప్పులోకి దిగినప్పుడు రుచి బాగుంటుంది. మంగళగిరి పానకాల స్వామి తనకు పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం భక్తుడికే వదిలేస్తాడంటారు. మంచి కాఫీ కూడా అలా కొంత వదిలేయడం తెలిసినదే. వదలని పద్ధతీ లేకపోలేదు. ఇన్‌స్టంట్ కాఫీ పరిశ్రమలో నీటిని మరిగే స్థానం దాటించి, ఒత్తిడిలో 150 డిగ్రీలకు పైగా వేడిచేసి, మామూలుగా కరగని పిండిపదార్థాలను కూడా విడగొట్టి, గింజ బరువులో 40 శాతానికి పైగా సారం పిండుతారు. చవకగా రావడానికి అదే కారణం, రుచి వేరుగా ఉండడానికీ అదే కారణం. ఇంట్లో ఆ 20 శాతం దగ్గర ఆగాలంటే పలుకులన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. మిక్సీ బ్లేడు గింజను అందిన చోట నరుకుతుంది; దుమ్మూ రవ్వా కలిసి వస్తాయి. దుమ్ము నుంచి చేదు వరకూ దిగిపోయేలోగా రవ్వ నుంచి పులుపు మాత్రమే దిగుతుంది. ఒకే కప్పులో రెండు తప్పులూ ఉంటాయి. బీన్-టు-కప్ మెషిన్‌లో ఉండేది బ్లేడు కాదు, పళ్ళున్న రెండు చక్రాల మర. వాటి మధ్య సందు ఎంతో పలుకు అంత. ఆ సందును పెంచే, తగ్గించే మీటే మెషిన్ మొత్తంలో రుచిని అన్నిటికంటే ఎక్కువగా మార్చగల భాగం.

మీట నొక్కిన తరువాత లోపల జరిగేది వరసగా చూస్తే తక్కిన భాగాల పాత్ర తెలుస్తుంది. పైన తొట్టిలోని గింజలు మరలోకి జారతాయి. మర ఎన్ని సెకన్లు తిరగాలో, ఎన్ని చుట్లు తిరగాలో ముందే లెక్క ఉంటుంది. సాధారణంగా కప్పుకు 7 నుంచి 14 గ్రాముల మధ్య పొడి పడుతుంది. అది బ్రూ గ్రూప్ అనే ప్లాస్టిక్ పెట్టెలోని చిన్న గొట్టంలోకి దిగుతుంది. ఒక ముషలకం వచ్చి పొడిని బిళ్ళలా అదుముతుంది. పంపు ముందుగా కాసిని వేడి నీళ్ళు పంపి ఆగుతుంది. పొడి తడిసి ఉబ్బి, మధ్యలో సందులు లేకుండా సర్దుకోవడానికి ఈ విరామం. తరువాత 90 నుంచి 96 డిగ్రీల మధ్య వేడి ఉన్న నీళ్ళు ఒత్తిడితో బిళ్ళలోంచి పోతాయి. నీళ్ళ దారిలో ఉన్న ఒక చిన్న చక్రం తిరుగుతూ ఎన్ని మిల్లీలీటర్లు పోయాయో లెక్కపెడుతుంది. లెక్క పూర్తి కాగానే పంపు ఆగుతుంది. ముషలకం వెనక్కి వెళ్తుంది, ఒక గరిట లాంటి పలక పిప్పి బిళ్ళను వెనకాల డబ్బాలోకి తోసేస్తుంది. 10 గ్రాముల పొడిలో 20 శాతం, అంటే 2 గ్రాములు, 40 మిల్లీలీటర్ల నీళ్ళలో చేరి కప్పులో పడుతుంది. కరిగిన పదార్థం 5 శాతం ఉన్న చిక్కని డికాషన్ అది.

ఈ పనులన్నీ ఒక పెట్టెలో ఇమడడానికి వందేళ్ళు పట్టింది. ఇటలీలోని టూరిన్‌లో ఏంజెలో మోరియోండో 1884లో ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజ్జెరా దానిని కప్పుకు కప్పు తీసే పద్ధతికి మార్చాడు. ఆవిరి ఇచ్చే ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు మించేది కాదు, నీళ్ళేమో మరీ కాగిపోయేవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అకీలే గాజియా స్ప్రింగు మీటతో ఒత్తిడిని వాతావరణ ఒత్తిడికి 8, 9 రెట్లకు, అంటే 8, 9 బార్లకు, చేర్చినప్పుడు కాఫీ మీద బంగారు రంగు నురగ మొదటిసారి తేలింది. 1961లో ఫెయెమా సంస్థ ఇ61 యంత్రంలో మీట స్థానంలో మోటారు పంపు పెట్టింది. 1985లో సేకో సంస్థ మర దగ్గర్నుంచి పిప్పి డబ్బా దాకా అన్నిటినీ కలిపి ఇంటికోసం యంత్రం తెచ్చింది. ఈ చరిత్రలో కొనేవాడికి పనికొచ్చే అంకె ఒకటుంది: మంచి ఎస్ప్రెస్సోకు, అంటే ఒత్తిడితో దించే చిక్కని కాఫీకి, కావలసిన ఒత్తిడి సుమారు 9 బార్లే. మరి పెట్టెల మీద 15, 19 బార్లని ఎందుకు రాస్తారు? ఇంటి మెషిన్లలో వాడేది కంపన పంపు. తీగచుట్టలో కరెంటు పారినప్పుడల్లా చిన్న ముషలకం ముందుకూ వెనక్కీ కదులుతుంది. మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు సెకనుకు 50 సార్లు. కాఫీ దిగేటప్పుడు వినిపించే గరగర శబ్దం అదే. నీళ్ళ దారి పూర్తిగా మూసేస్తే ఆ పంపు చేరగల గరిష్ఠ ఒత్తిడే పెట్టె మీది ఆ అంకె. నీళ్ళు పారుతున్నప్పుడు ఒత్తిడి పడిపోతుంది; ఎంతకు పడుతుందో నిర్ణయించేది పొడి బిళ్ళ అడ్డగింపు, అంటే మళ్ళీ మర సన్నదనం. కాబట్టి రెండు మెషిన్లను బార్లతో పోల్చడం వల్ల తేలేదేమీ లేదు.

వేడి విషయంలోనూ భయపడవలసింది తక్కువే. చవక మెషిన్లలో బాయిలరు ఉండదు. లోపల సన్నని గొట్టం చుట్టిన లోహపు దిమ్మె, థర్మోబ్లాక్, ఉంటుంది. కిలో బరువున్న అల్యూమినియం దిమ్మెను 30 నుంచి 95 డిగ్రీలకు తేవడానికి సుమారు 58 కిలోజౌళ్ళు కావాలి; 1,450 వాట్ల హీటరు దాన్ని 40 సెకన్లలో ఇస్తుంది. మీట వేసిన నిమిషం లోపు మెషిన్ సిద్ధమవడానికి కారణం ఈ చిన్న దిమ్మే. తరువాత 100 మిల్లీలీటర్ల నీళ్ళను వేడిచేయడానికి మరో 27 కిలోజౌళ్ళు. రెండూ కలిపితే యూనిట్‌లో నలభయ్యో వంతు కూడా కాదు. రోజుకు నాలుగుసార్లు వాడి, ప్రతిసారీ అది తనను తాను కడుక్కునే నీళ్ళను కూడా కలిపినా, కరెంటు బిల్లులో ఆనవాలు దొరకదు. గమనించవలసింది యూనిట్లు కాదు, ప్లగ్గు. 1,450 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 6.3 ఆంపియర్లు వస్తుంది. మిక్సీ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి చాలదు. గ్రైండరు, ఫ్రిజ్జు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే పనికిరాదు. ఎర్త్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు గట్టు దగ్గర ఉందో లేదో మెషిన్ కొనక ముందే చూసుకోవాలి.

ఇంత చేసే మెషిన్‌కు తెలియని సంగతి ఒకటుంది. అది నీళ్ళను కొలుస్తుంది, రుచిని కొలవదు. గింజ మారినా, వాన పట్టి గింజ చెమ్మ పీల్చుకున్నా, తొట్టిలో వారం రోజులు మాగినా, పొడి అడ్డగింపు మారుతుంది. మెషిన్ మాత్రం అవే మిల్లీలీటర్లు దింపి ఆగిపోతుంది. 40 మిల్లీలీటర్లు 10 సెకన్లలో జారిపోతే పల్చగా, పుల్లగా ఉంటుంది. చుక్కచుక్కగా నిమిషం పడితే చేదు. 25, 30 సెకన్ల దగ్గరకు వచ్చేదాకా మర మీటను ఒక్కో మెట్టు తిప్పుతూ సరిచేయవలసింది మనిషే. చాలా మెషిన్లలో మర తిరుగుతున్నప్పుడే ఆ మీటను తిప్పాలి. పాత పొడి దారిలో మిగిలి ఉంటుంది కాబట్టి మార్పు రెండు మూడు కప్పుల తరువాత గానీ తెలియదు. అందుకే మర స్టీలుదా, సిరామిక్‌దా అన్న చర్చకంటే, దానికి ఎన్ని మెట్లున్నాయి, కప్పుకు ఎన్ని గ్రాములు వేయనిస్తుంది అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. సిరామిక్ చాలాకాలం అరగదు, కానీ గింజల్లో రాయి వస్తే పెచ్చు లేవవచ్చు. స్టీలు వేడెక్కుతుందన్న మాట రోజూ వందల కప్పులు తీసే హోటలుకు వర్తిస్తుంది గానీ, నాలుగు కప్పుల ఇంటికి కాదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇదంతా ఇటలీవాళ్ళ కాఫీ లెక్క, మన ఇళ్ళలో తాగేది చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ కదా అని. ఈ అభ్యంతరం సరైనదే. చికోరీ గింజ కాదు. ఎండబెట్టి వేయించిన ఒక మొక్క వేరు. దానిలో కెఫీన్ లేదు. ఇన్యులిన్ అనే పిండిపదార్థం వేగి ఇచ్చే తీపిచేదు, ముదురు రంగు ఉన్నాయి. కాఫీ కంటే చాలా ఎక్కువ భాగం నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కాస్త కలిపినా డికాషన్ చిక్కబడుతుంది. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్ళు ప్యాకెట్ మీద రాయాలి. స్టీలు ఫిల్టర్‌లో నీళ్ళు కేవలం తమ బరువుతో పావుగంట సేపు మెల్లగా దిగుతాయి, ఆ తీరికలో చికోరీ ఇమిడిపోతుంది. బీన్-టు-కప్ మరలో చికోరీ ముక్కలు వేయకూడదు. చాలా మెషిన్లకు పక్కన ఒక చెంచాడు పొడి వేసే దారి ఉంటుంది. దానిలో సన్నని చికోరీ మిశ్రమం వేస్తే, తడిసి ఉబ్బి జిగురై నీళ్ళకు అడ్డుపడుతుంది. తీపి పూత పూసిన గింజలనూ తయారీదారులు వద్దంటారు. కాబట్టి 70-30 పాళ్ళ రుచి తప్ప మరొకటి గిట్టని ఇంటికి ఈ మెషిన్ వద్దు. అయితే ఆ రుచిలో ఇష్టమైనది చిక్కదనం, పాలను తట్టుకునే చేదు అయితే దారి ఉంది. అరబికాతో కొంత రోబస్టా కలిపిన గింజలు వాడాలి. రోబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. చేదు ఎక్కువ, నురగా ఎక్కువ, పాలలో తేలిపోదు. మరీ కావాలంటే చికోరీ ఒక్కదాన్నీ వేడి నీళ్ళలో విడిగా నానబెట్టి, ఆ కషాయం ఒక చెంచా కప్పులో కలుపుకోవచ్చు.

రెండో అభ్యంతరం వేడి గురించి. మెషిన్ కాఫీ చల్లారిపోయినట్టుంది అని మన వాళ్ళు మొదటి గుక్కలోనే అంటారు. ఆ మాటకూ లెక్క ఉంది. స్వయంచాలక నురగ పాత్రలు పాలను 60, 65 డిగ్రీల దగ్గర ఆపుతాయి. అక్కడ పాల ప్రొటీన్లు నురగను బాగా నిలబెడతాయి, అంతకు మించితే కాచిన వాసన మొదలవుతుంది. 62 డిగ్రీల పాలు 100 మిల్లీలీటర్లు, 70 డిగ్రీల ఎస్ప్రెస్సో 40 మిల్లీలీటర్లు కలిపితే కప్పు 64 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. పొంగు మీద దించిన 95 డిగ్రీల పాలలో 60 డిగ్రీల డికాషన్ అదే కొలతలో కలిపితే 85. ఈ రెండింటి మధ్య 20 డిగ్రీల తేడాను ఏ ఖరీదైన మెషిన్ కూడా పూడ్చదు, ఎందుకంటే అది లోపం కాదు, ఉద్దేశం. 65 డిగ్రీలు దాటిన మరీ వేడి పానీయాలు తాగడం బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది కూడా. అయినా పొగలు కక్కే కాఫీయే కావాలనుకునే ఇల్లు పాలను పొయ్యి మీదే కాచుకుంటుంది. అలాంటి ఇంటికి పాల పాత్రా గొట్టాలూ ఉన్న మోడల్ దండగ. డికాషన్ మాత్రం దించే, పక్కన మామూలు ఆవిరి గొట్టం ఉన్న చవక మోడల్ చాలు. నురగే కావాలనుకుంటే 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలు చల్లగా వాడితే తేలిక. 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలు రుచికి మంచివే గాని, కాచి చల్లార్చిన పాలలోని మీగడ సన్నని గొట్టాలకు అడ్డుపడుతుంది. వడకట్టకుండా పోయకూడదు. గొట్టాలు లేని, రెండు ముక్కలుగా విడిపోయే పాల పాత్ర ఉన్న మోడలైతే కుళాయి కింద కడుక్కోవచ్చు. మన ఎండల్లో, గొట్టంలో మిగిలిన పాలు పూటలో పులుస్తాయి.

మెషిన్ ఆయుష్షును తేల్చేది నీళ్ళు. బోరు నీళ్ళు ఈ ప్రాంతంలో చాలాచోట్ల కఠినంగా ఉంటాయని గిన్నెల అడుగున పట్టే తెల్లని పొరే చెబుతుంది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ ఒప్పుకునే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. లీటరుకు 300 ఉన్న నీళ్ళు రోజుకు లీటరు వాడితే, ఏడాదిలో 100 గ్రాములకు పైగా సున్నపు సరుకు దిమ్మెలోని పెన్సిల్ అంత గొట్టంలోంచి పోతుంది. అందులో కొంత అక్కడే అంటుకున్నా దారి మూసుకుపోతుంది, వేడి నీళ్ళకు అందదు. అలాగని ఆర్వో నీళ్ళు, క్యాను నీళ్ళు పరిష్కారం అనుకుంటే పొరపాటు. మెగ్నీషియం, కాల్షియం కొద్దిగా ఉంటేనే రుచి పదార్థాలు బాగా దిగుతాయి. బైకార్బొనేట్ కొద్దిగా ఉంటేనే పులుపు అదుపులో ఉంటుంది. స్పెషాల్టీ కాఫీ వర్గాలు సూచించే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం పదార్థం) లీటరుకు 150 మిల్లీగ్రాములు, అటూ ఇటూగా 75 నుంచి 250 దాకా. ఇంటి ఆర్వో యంత్రాలు చాలాసార్లు అంతకంటే బాగా తక్కువకు దింపేస్తాయి. సర్వీసుకు వచ్చే మనిషి దగ్గర టీడీఎస్ మీటరు ఉంటుంది. చాలా ఆర్వోలకు టీడీఎస్‌ను పెంచే చిన్న వాల్వూ ఉంటుంది. 100, 150 మధ్యకు తెప్పించుకుంటే రుచికీ మెషిన్‌కూ మంచిది. అప్పటికీ మెషిన్ అడిగినప్పుడల్లా సున్నం తీసే ద్రావణం వాడాలి. వెనిగర్ రబ్బరు సీళ్ళకు మంచిది కాదని తయారీదారులే చెబుతారు.

శుభ్రత గురించి అమ్మేవాళ్ళు తక్కువ మాట్లాడతారు, వాడేవాళ్ళు ఎక్కువ బాధపడతారు. కాఫీ దిగిన ప్రతిసారీ తడి పిప్పి, కాఫీ నూనె బ్రూ గ్రూప్‌లో మిగులుతాయి. కొన్ని కంపెనీల మెషిన్లలో అది చేత్తో బయటికి వచ్చేస్తుంది. వారానికోసారి నీళ్ళ కింద కడిగి ఆరబెడితే సరి. కొన్నిటిలో లోపలే స్థిరంగా ఉంటుంది. మాత్ర వేసి శుభ్రపరిచే కార్యక్రమమే దిక్కు. ఐరోపాలో రెండో పద్ధతికీ సమర్థకులు ఉన్నారు. కానీ వానాకాలపు చెమ్మలో, పిప్పి డబ్బా రెండు రోజులు మరచిపోతే బూజు పట్టే ఈ డెల్టాలో, చీమలూ బొద్దింకలూ వెచ్చని తడి చోటు వెతుక్కునే వంటిళ్ళలో, లోపలికి కంటితో చూడగలిగే మెషినే మేలు. గింజల తొట్టి సంగతీ అంతే: పావు కిలో పడుతుంది కదా అని నింపకూడదు. మర వేడి, వంటింటి వేడి కలిసి గింజను పాతబరుస్తాయి. ఒకటి రెండు రోజులకు సరిపడా పోసి, మిగతావి గాలి చొరని డబ్బాలో ఉంచాలి. నల్లగా నూనె తేలేదాకా వేయించిన గింజలు తొట్టిలో జారక అంటుకుంటాయి, మరను జిడ్డు పట్టిస్తాయి. మధ్యస్థంగా వేగినవే ఈ మెషిన్లకు నప్పుతాయి.

ఇక ఖర్చు. 60 వేల రూపాయల మెషిన్ ఐదేళ్ళు పనిచేస్తుందనుకుందాం. రోజుకు నాలుగు కప్పులైతే 7,300 కప్పులు, కప్పుకు మెషిన్ ఖర్చు 8 రూపాయలు. రోజుకు ఒక్కటే అయితే 1,825 కప్పులు, కప్పుకు 33 రూపాయలు. కప్పుకు 10 గ్రాముల చొప్పున కిలో గింజలు 100 కప్పులు ఇస్తాయి. కిలో 1,200 అయితే కప్పుకు 12. అంటే నలుగురు తాగే ఇంట్లో గింజల ఖర్చు మెషిన్ ఖర్చును మించుతుంది, ఒక్కరే తాగే ఇంట్లో మెషిన్ గింజలను మింగేస్తుంది. దీన్నిబట్టి ఒక మాట చెప్పవచ్చు: కప్పుల సంఖ్య తక్కువైతే మెషిన్ స్థాయి పెంచకండి, గింజ స్థాయి పెంచండి. మంచి గింజకు దూరం పోనవసరం లేదు. తూర్పు కనుమల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ పంటను కొని అమ్ముతోంది. ఎవరి దగ్గర కొన్నా, ప్యాకెట్ మీద గడువు తేదీకంటే వేయించిన తేదీ కోసం చూడాలి. వేయించిన వారం నుంచి నెల, నెలన్నర లోపు గింజ మంచి వయసులో ఉంటుంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. తాజాగా కొట్టడమే అసలు లాభమైతే, కొన్ని వేలకు వచ్చే చేతి మర కొనుక్కుని, ఉన్న స్టీలు ఫిల్టర్‌లోనే దించుకుంటే సరిపోదా? రుచి మటుకు చూస్తే చాలావరకు సరిపోతుంది. ఫిల్టర్‌కు మోటారు లేదు, సీళ్ళు లేవు, సర్వీసు సెంటరు అక్కర లేదు. తరాలు మారినా పనిచేస్తుంది. మెషిన్ అదనంగా ఇచ్చేవి రెండు. ఒకటి, 9 బార్ల ఒత్తిడి వల్ల వచ్చే ఎస్ప్రెస్సో తాలూకు చిక్కదనం, నురగ; ఇది ఫిల్టర్‌లో రాదు. రెండు, పొద్దున్న నలుగురికి నాలుగు సమయాల్లో, ఎవరు నొక్కినా ఒకేలా వచ్చే కప్పు. మొదటిది ఇష్టం, రెండోది సౌకర్యం. రెండూ డబ్బు పెట్టదగినవే, కానీ వాటికోసం పెడుతున్నామని తెలిసి పెట్టాలి. తెర మీద పద్దెనిమిది పానీయాల బొమ్మలున్నా వాటన్నిటి అడుగున ఉండేది అదే మర, అదే పంపు, అదే దిమ్మె. అందుచేత ఎంచుకునే వరస ఇలా ఉండాలి: మరకు తగినన్ని మెట్లు, కప్పుకు 10 గ్రాములు దాటి వేయగలగడం, బయటికి వచ్చే బ్రూ గ్రూప్, విజయవాడలో సర్వీసు, విడిభాగాలు దొరకడం, ఆ తరువాతే పాల పాత్ర, తెర, ఫోనులో ఆప్.

ఈ వాదన నిజమో కాదో తేల్చుకోవడానికి అర లక్ష అవసరం లేదు. ఒకే దుకాణంలో, ఒకే రోజు వేయించిన గింజలు అర కిలో తీసుకుని, సగం అక్కడే ఫిల్టర్ పొడి కొట్టించి సీసాలో పోయండి. మిగతా సగం గింజలుగానే ఉంచండి. రెండు వారాల తరువాత ఆ గింజలను చేతి మరలో కొట్టి, రెండు ఫిల్టర్లలో ఒకే కొలతతో దించి, ఒకేలాంటి పాలు, చక్కెర కలిపి, ఏది ఏదో చెప్పకుండా ఇంటిల్లిపాదికీ ఇవ్వండి. ఒకసారి కాకతాళీయం కావచ్చు కాబట్టి రెండు మూడు పూటలు చూడండి. ఇంట్లోవాళ్ళు ప్రతిసారీ తాజా కప్పునే పట్టుకుంటే, బీన్-టు-కప్ మెషిన్ ఆ ఇంటికి రోజూ ఇచ్చేది ఏమిటో వాళ్ళ నాలుకకు తెలిసినట్టే. అప్పుడు మర బాగున్న అతి చవక మోడల్ కొనవచ్చు. తేడా తెలియకపోతే మెషిన్ ఇచ్చేది సౌకర్యం ఒక్కటే. పాలు, చక్కెర, చికోరీల మధ్య గింజ గొంతు వినబడని ఇంట్లో ఆ సౌకర్యానికి అర లక్ష ఎక్కువో తక్కువో చెప్పగలిగేది ఆ ఇంటి పొద్దుటి హడావుడే.